టీవీలో చూసిన ముఖం

"గా చానల్ జర మార్చు తమ్మీ," అన్నాడు ఐలయ్య.

పక్కన కూర్చున్న కుర్రవాడు రిమోట్ అందుకున్నాడు. దవాఖాన హాల్లో టీవీ. అందులో ముసుగు వేసుకున్న ఒకడు మేడ మీంచి మేడ మీదికి ఎగురుతున్నాడు.

ఐలయ్య చూపు అక్కడుంది గానీ మనసు అక్కడ లేదు. లోపల కూతురు సరిత ఉంది. ఆడపిల్ల పుట్టింది, పిల్ల బాగానే ఉంది. సరితకే నెత్తురు ఆగడం లేదు. ఆమె గ్రూపు నెత్తురు కొండాపూర్ అంతా వెతికినా దొరకలేదు. ఇచ్చే మనిషి ఎవరో బయలుదేరాడని పొద్దున నర్సు సెలీనా చెప్పింది.

బయట తెలంగాణ బంద్. ఆటో లేదు, బస్సు లేదు.

పొద్దుటి నుంచి ఐలయ్య గేటు దాకా పోవడం, ఉత్త రోడ్డు చూసి తిరిగి రావడం. ఈసారి వచ్చేసరికి తన బల్ల మీద ఈ కుర్రవాడున్నాడు.

"బిస్కెట్టు తీసుకోండి బాబాయ్."

"ఏ ఊరు నీది?"

"తణుకు దగ్గరండి. జోయెల్ నా పేరు."

"బంద్ నాడు గిట్ల తిరిగితే ఆపలేదా ఎవరు?"

"ఆపారండి. పనేంటో చెప్పాను. వాళ్లే మంచినీళ్లిచ్చి పంపారు."

"లోపల ఎవరున్నరు మరి?"

"నావాళ్లెవరూ లేరండి. నీరసంగా ఉంటే కూర్చున్నా. మీవాళ్లండీ?"

"బిడ్డ. కాన్పు."

మాట మళ్లించడానికి టీవీ వైపు చెయ్యి విసిరాడు.

"లంగోటి ప్యాంటు లోపల కట్టాల్నా, మీద కట్టాల్నా? గీ ఎగిరేటోనికి గదే ఎర్క లేదు, పట్నం కాపాడుతడట."

జోయెల్ నవ్వాడు. "పిల్లలు ముచ్చటపడతారు కదండీ."

"ఉత్త అబద్ధం. ఆపదల ఉన్నమంటే ఎవడొస్తడు తమ్మీ? క్రైం ప్రోగ్రాం వెట్టు. ఉన్నది ఉన్నట్టు సూపిస్తరు. నేను నానక్‌రామ్‌గూడల సెక్యూరిటీ. గది సూసే దొంగమొకాలు పసిగడత."

"రోజూ చూస్తారా అండీ?" జోయెల్ నిటారుగా కూర్చున్నాడు.

"ఒక్కనాడు గూడ ఇడువను."

చానల్ మారింది. నిన్నటి ప్రోగ్రామే మళ్లీ వేస్తున్నారు. చందానగర్‌లో ఒంటరి ముసలమ్మ. గది కిరాయికి అడిగిన మనిషి. మంచినీళ్లు తేవడానికి ఆమె వెనక్కి తిరగగానే వాడి చేతులు ఆమె మెడ మీద పడ్డాయి.

వాడి ముఖం టీవీ నిండా వచ్చింది. పై పన్ను మీద పన్ను.

ఐలయ్య మెల్లగా పక్కకు చూశాడు. అదే ముఖం. అదే పన్ను.

"గా టీవీల... నువ్వేనా?"

జోయెల్ ముఖం వెలిగిపోయింది. "గుర్తుపట్టేశారా? నేనేనండి. ఇన్నాళ్లకి మీరొక్కరే—"

ఐలయ్య చేతిలో బిస్కెట్టు కింద పడింది.

"మునిస్వామీ, పట్టుకో వీన్ని. ముసలమ్మ పీక పిసికినోడు. సిగ్గు లేకుంట నేనే అంటుండు."

దవాఖాన కాపలాదారు మునిస్వామి వచ్చి కాలరు పట్టుకున్నాడు. హాల్లో ఉన్నవాళ్లంతా లేచారు.

"అది కాదు బాబాయ్, అది నా..." జోయెల్ లేవబోయి తూలాడు.

"పట్టుకోంగనే నాటకాలు షురూ చేసిండు," అన్నారెవరో.

"కాన్పుల దవాఖాన. ముందు బయటికి నూకు," అన్నాడు ఐలయ్య.

మునిస్వామి ఎండలోకి తోసి గేటు వేశాడు. కుర్రవాడు ఇనుప చువ్వలు పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. ఏదో చెప్పబోయాడు. లాఠీ లేచేసరికి గోడ పట్టుకుని వెళ్లిపోయాడు.

ఐలయ్య ఛాతీ విరుచుకుని కూర్చున్నాడు. బిడ్డ కోసం ఏమీ చేయలేకపోయినా ఇదొకటైనా చేశాననుకున్నాడు.

టీవీలో ఇంకో కేసు మొదలైంది. ఇది నిజామాబాద్‌లో జరిగింది. ఖాకీ బట్టల్లో ఇన్‌స్పెక్టరు జీపు దిగి దొంగ చేతికి బేడీలు వేశాడు. ఇన్‌స్పెక్టరు నవ్వాడు. పై పన్ను మీద పన్ను.

ఐలయ్య బల్ల మీంచి లేచాడు.

"అంటే గాయన వేషాలు కట్టేటోడా?" అన్నాడు మునిస్వామి. "నువ్వు చెప్తెనే గద పెద్దాయనా నేను చెయ్యేసింది."

ఐలయ్య గేటు తీసుకుని చెప్పుల్లేకుండానే రోడ్డెక్కాడు. కాలుతున్న తారు. ఎక్కడో టైరు పొగ. జై తెలంగాణ అని కేకలు. మూసిన షట్టర్ల నీడల్లో, బస్టాపులో, పాన్ డబ్బా వెనక చూశాడు. లేడు. 'నేనేనండి' అన్నప్పటి ఆ ముఖమే కళ్ల ముందు కదిలింది. తన మనవరాలు పుట్టిందని విన్నప్పుడు తన ముఖం కూడా అట్లాగే ఉండి ఉంటుంది.

తలవంచుకుని తిరిగొచ్చేసరికి సెలీనా ఎదురొచ్చింది.

"ఏడికి పోయినవ్ పెద్దాయనా? ఫికర్ లేదిగ. నెత్తురు ఎక్కిస్తున్నం. సరిత కళ్లు తెరిచింది."

ఐలయ్య రెండు చేతులూ జోడించాడు. ఏడుపు ఆగలేదు.

సెలీనా ఖాళీ బల్ల వైపు చూసింది.

"మరి కృష్ణానగర్ కెల్లి నడుసుకుంట వచ్చి మీ సరితకు నెత్తురిచ్చినాయన ఏడి, కళ్లు తిరుగుతున్నయంటే జర సేపు కదలకుమని నేనే గీడ కూసోవెట్టి పోయిన గద?"