ఎర్ర దారం

"దొంగ! దొంగ! నా మాంసం తీస్తున్నాడు!"

యూర్కో పక్కమీంచే అరిచాడు. ఆ అరుపుకి ఇల్లంతా లేచింది.

పొయ్యి మీద పెద్ద గుండిగ. అందులో అద్దెకున్న పదిమంది కొనితెచ్చుకున్న మాంసం ఉడుకుతోంది.

ఎవరి ముక్క వాళ్ళు కొని, ఎవరి రంగు దారం వాళ్ళు కట్టి, కొస బయటికి వేలాడేలా అందులో వేసుకోవడం ఆ ఇంటి పద్ధతి. మధ్యాహ్నం ఇంటావిడ హఫియా దారాలు పట్టి లాగి, ఎవరిది వాళ్ళ పళ్ళెంలో వేస్తుంది.

యూర్కోది ఎర్ర దారం.

ఆ ఎర్ర దారం ఇప్పుడు ముసలి ప్రోకోప్ వేళ్ళ మధ్య ఉంది.

మూడు వారాల కిందట పిట్స్‌బర్గ్ ఉక్కు మిల్లులో కరిగిన ఇనుము చింది యూర్కో చెయ్యి కాలింది. పని లేదు, కూలి లేదు.

"నెలాఖరుకి పార ఎత్తలేకపోతే ఇంక రానక్కర్లేదు. మొన్న ఓడ దిగినోళ్ళు యాభైమంది గేటు దగ్గర పడున్నారు," అన్నాడు మేస్త్రీ.

అయినా రోజూ ఎర్ర దారానికి ముక్క వస్తూనే ఉంది. హఫియా అక్క దయ అనుకున్నాడు యూర్కో. అడిగితే ఎక్కడ ఆగిపోతుందోనని నోరెత్తలేదు.

ప్రోకోప్ వచ్చి నెలే. రాత్రి పాళీ చేసొచ్చి, పగటి పాళీవాళ్ళు లేచిన పక్కమీద పడుకుంటాడు. ఎవరితోనూ మాట్లాడడు. చారులో రొట్టె ముంచుకు తింటాడు, మాంసం ముట్టడు.

"తాతకి పళ్ళు లేవులే," అని నవ్వుకునేవాళ్ళు.

అరుపు విని ఒలెక్సా పరిగెత్తుకొచ్చాడు. అతనూ అప్పుడే పాళీ దిగాడు. వెనకే మరో ముగ్గురు.

"పళ్ళు లేకపోయినా వేళ్ళు బాగానే ఉన్నాయే!"

"చెయ్యి కాలినోడి తిండే కావాల్సొచ్చిందా ముసలోడా?"

ప్రోకోప్ దారం వదిలేశాడు.

"ఉడకనీయండి," అన్నాడు. అంతే.

ఒలెక్సా చాచి కొట్టాడు. ముసలాయన మూతి పగిలింది.

"ఇంకోటెయ్యి, నా తరఫున!" అంటూ యూర్కో మంచి చేత్తో బూటు విసిరాడు. గురి తప్పలేదు.

హఫియా ఆయన మూట తెచ్చి వాకిట్లో మంచులోకి గిరాటేసింది.

"పో. మళ్ళీ ఈ గడప తొక్కావంటే కాళ్ళు విరగ్గొడతా."

ఆయన మూట దులిపి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం ఎర్ర దారానికి ముక్క వచ్చింది.

"టైముకి చూశావు గనక దక్కింది," అన్నాడు ఒలెక్సా.

యూర్కో కొవ్వుతో సహా నమిలి తిన్నాడు.

మర్నాడు పొద్దున మిల్లు కాపలావాడు వచ్చి చెప్పాడు. ఇనుము కరిగించగా మిగిలి మిల్లు వెనక పారబోసిన వేడి చిట్టెం గుట్టమీద ప్రోకోప్ చచ్చిపడున్నాడట.

"వెచ్చగా ఉందని పడుకుంటారు. ఆ పొగకి పోతారు," అన్నాడు ఒలెక్సా రొట్టె నములుతూ.

"దేవుడున్నాడు," అన్నాడు యూర్కో.

ఆ మధ్యాహ్నం గుండిగలో ఎర్ర దారం లేదు.

"అక్కా, నా ముక్కేది?"

"వేశావా?"

"నేనెక్కడ వేశాను? రోజూ నువ్వేగా..."

"నేనా? నలుగురు పిల్లల్ని పెట్టుకుని నిన్ను మేపడానికి నాకేమన్నా పిచ్చా? మీ చర్చి సహాయ సంఘంవాళ్ళు కొనిపెడుతున్నారనుకున్నా."

"సంఘంలో నన్ను చేర్చుకోనేలేదు."

హఫియా చేతిలో గరిటె పక్కన పెట్టింది. శాలువా కప్పుకుని వీధి మలుపులో ఉన్న మాంసం కొట్టుకి వెళ్ళింది.

యూర్కో పిడికిలి బిగించి చూసుకున్నాడు. వేళ్ళన్నీ ముడుచుకున్నాయి. సోమవారానికి పార ఎత్తగలడు.

హఫియా తిరిగొచ్చి లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఆ ముసలాయనేనటరా. రోజూ తెల్లారగానే ఒక్క ముక్కే కొనేవాడట, చెయ్యి కాలిన కుర్రాడికి, కాస్త కొవ్వున్నది చూసివ్వమని బతిమాలి మరీ."