పల్లీ చాక్లెట్లు

"పంచదార పొడి వద్దే, బెల్లం తురిమి తీసుకురా," అంది వేదవతి.

కోడలు బిందుమాధవికి చిర్రెత్తుకొచ్చింది. ఇవి దిల్‌సుఖ్‌నగర్‌లో వారం రోజులు క్లాసుకు వెళ్లి నేర్చుకున్న చాక్లెట్లు. వేరుశనగ ముద్దలో పంచదార పొడే వేయమన్నారు అక్కడ. బెల్లం వేసేదానికి చాక్లెట్టెందుకు, ఉండలు చుట్టుకుంటే పోలా?

"పోనీ ఉండలే చేద్దామా?" అంది అత్తగారు ఆశగా.

"బాగుంటుంది సంబడం. పరాయివాళ్లకి ఇవ్వడానికి వెళ్తూ వట్టి ఉండలా? పైన చాక్లెట్ పూత ఉంటేనే మర్యాద."



తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై నెల కావస్తోంది. బస్సుల్లేవు, బళ్లు లేవు. ఎల్బీనగర్‌లో వీళ్ల కాలనీ మలుపులోనే టెంటు వేశారు. రోజుకు కొందరు పొద్దున్నుంచి సాయంత్రం దాకా పస్తుంటారు. ఐదింటికి నిమ్మరసం ఇచ్చి దీక్ష విరమింపజేస్తారు. మర్నాడు కూర్చునేవాళ్ల పేర్లూ ఊళ్లూ మైకులో చదువుతారు. వీళ్లది గుంటూరు కుటుంబం. మైకు మోగితే చాలు, ఈ ఇంట్లో కిటికీలు మూసేస్తారు. గోడ మీద 'గో బ్యాక్' అని ఎవరో రాసిపోయి పది రోజులైంది. రెండుసార్లు సున్నం కొట్టినా ఆ అక్షరాలు కనబడుతూనే ఉన్నాయి.

నిన్న సాయంత్రం మాత్రం వేదవతి కిటికీ మూయనివ్వలేదు. పేర్లన్నీ విని, "మట్టయ్యట, నల్గొండ వైపు నుంచి వచ్చాడట. రేపు ఆయనకి ఏదైనా చేసి తీసుకెళ్తాను," అంది.

"ఆయనకే ఎందుకు?"

"నా చేత్తో పెట్టింది ఒక్కటి తింటే చాలు. తర్వాత మాట నేను మాట్లాడుకుంటాను."

మంచి ఉపాయమే అనుకుంది బిందుమాధవి. నల్గొండ నుంచి వచ్చి కూర్చున్నాడంటే పెద్ద నాయకుడే అయ్యుంటాడు. ఆయన తమ చేతి తిండి తింటే మళ్లీ ఈ గోడ జోలికి వచ్చే మొనగాడెవడు? అందుకే విసుక్కుంటూనే బెల్లం తురిమింది.

వేదవతి వేరుశనగ గుళ్లు సన్నటి సెగ మీద వేయించింది. అరచేతుల మధ్య నలిపి, చాటలో వేసి రెండు విసుర్లు విసిరేసరికి పొట్టంతా ఎగిరిపోయింది. నూనె తేలేదాకా మిక్సీలో తిప్పి, బెల్లం కలిపి, ఉసిరికాయంత ఉండలు చేసి ఫ్రిజ్‌లో పెట్టింది. ఈలోగా బిందుమాధవి మరిగే నీళ్ల గిన్నె మీద ఇంకో గిన్నె పెట్టి చాక్లెట్ కరిగించింది. సమ్మె పుణ్యమా అని తియ్యటి రకం దొరకలేదు. ఉన్నది నల్లటి చేదు రకమే. ఒక్కో ఉండనూ ఫోర్కుతో అందులో ముంచి తీసి కాగితం మీద ఆరబెట్టారు. ఇరవై నాలుగు వచ్చాయి.

ఐదయ్యేసరికి వేదవతి చీర మార్చుకుని, డబ్బా పట్టుకుని బయల్దేరింది. ఇంట్లో ఉండలేక బిందుమాధవి కూడా వెంట నడిచింది.

టెంటులో అప్పుడే నిమ్మరసం ఇచ్చారు. మట్టయ్యకు నలభై అయిదేళ్లుంటాయి. బక్కపలచటి మనిషి, మెళ్లో గులాబీ కండువా. వేదవతి తిన్నగా వెళ్లి అతని ముందు చాప మీద కూర్చుంది. మూత తీసి ఒక చాక్లెట్ అతని ముందుకు చాపింది.

"తమ్మీ, పొద్దుగాల్ల కెల్లి ఏం తినలే గద. పల్లీలు ఏంచి, బెల్లం కలిపి చేసిన. జర ఒక్కటి తిను."

మాటలు ఇక్కడివే. రాగం మాత్రం పచ్చి గుంటూరు.

వెనక నుంచి ఎవరో కిసుక్కున నవ్వారు. వెనక వీధి సుమిత్రమ్మ మాత్రం నవ్వలేదు.

"ఏందమ్మా, మా మాటను ఎక్కిరిస్తున్నవా? సినిమాల్ల జోకరుగాళ్లతోని మాట్లాడిపిస్తరు సూడు, గట్లనే ఉన్నది," అంది.

"లేదు సుమిత్రమ్మా, ఎక్కిరిస్త లేను..." వేదవతి తడబడింది. "నిజంగానండీ, నేను అలా అనలేదు..."

అంతే, ఈసారి అందరూ నవ్వారు.

మట్టయ్య చెయ్యెత్తి వాళ్లను ఆపాడు. కోపం లేదతనికి. పొద్దుటి నుంచి పస్తున్న అలసట మాత్రం ఉంది.

"అమ్మా, మీ భాషల మాట్లాడినా మాకు సమజైతది. మా లెక్క మాట్లాడితె మా వాళ్లు అయితరా? పేదోళ్లం గాని పిచ్చోళ్లం గాదు. గిది మీరే తినున్రి."

వేదవతి చాక్లెట్ పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది. నోరు తెరిచింది. అతని మొహం వంకే చూసింది. ఇంకెవరో అతన్ని పిలిస్తే అటు తిరిగాడు. బిందుమాధవి అత్తగారి జబ్బ పట్టుకుని లేవదీసింది.

ఇంటికొచ్చి గడియ వేశాక బిందుమాధవికి ఆగలేదు.

"పరువు తీశారు కదత్తయ్యా. రాని యాస మనకెందుకు చెప్పండి? మనలాగే మాట్లాడి ఉంటే పాపం ఆయన తినేవాడేమో."

వేదవతి సోఫాలో కూలబడింది. వేళ్ల మధ్య కరిగిపోయిన చాక్లెట్‌ను తనే నోట్లో వేసుకుంది.

"నిజమేనే. నాకు రాదు," అంది.

నలభై ఏళ్ల కిందట పెళ్లయి గుంటూరు వెళ్లినప్పుడు తన అత్తగారు పేరూ మాటా రెండూ మార్పించి వేదవతిని చేయకముందు ఆమె పెంటమ్మ, మట్టయ్యను చంకనేసుకుని పెంచిన సొంత అక్క.