పొగమంచులో ఎదురు ప్రశ్న

బస్టాపులో దశరథ్ చేతిలోంచి మాత్రల డబ్బా జారి పడింది.

బెంచీ మీదున్న ముసలాయన వంగి తీశాడు. డబ్బా మీది పేరు చదివి, అలాగే చూస్తూ ఉండిపోయాడు.

"రోజూ వేసుకుంటున్నారా?" అని ఇంగ్లీషులో అడిగాడు.

దశరథ్ తలూపి, డబ్బా లాక్కున్నంత పని చేసి బస్సెక్కాడు.

జర్మనీలోని వాల్డార్ఫ్‌లో ఆకులు రాలే రోజులవి. ఆరు నెలల క్రితం, అతని కాలేయంలోని పైత్యరస నాళానికి పట్టిన క్యాన్సర్‌ను కోసి తీసేశారు. మళ్ళీ రాకుండా మాత్రలన్నారు. రెండు వారాలు మింగడం, వారం ఆగడం. అలా ఎనిమిది విడతలు. ఇది ఐదోది.

మాత్ర పడితే అరికాళ్ళు మండేవి. లోకం మాత్రం మెత్తబడిపోయేది. వీధి, చెట్లు, సైకిళ్ళు అన్నీ పొగమంచులో నిద్రపోతూ తేలుతున్నట్టుండేవి.

ఆ మంచులోంచి రోజూ ముసలాయన గొంతు వినిపించేది.

"ఇవాళ వేసుకున్నారా?"

"ఎన్నో విడత?"

"మధ్యలో మానకండి."

తన పేరు బ్రాండ్ అని చెప్పాడు. దశరథ్ తన పేరు చెప్పలేదు.

"గడప దాటంగనే ఎదురడుగుతడు. ఇగ మంచెట్ల జరుగుతది?" అని భార్య హారిక దగ్గర విసుక్కున్నాడు.

"బయటికి పోయేటోళ్ళను గట్ల అడగొద్దని జర్మనాయనకేం తెలుస్తది!" అంది హారిక. "నువ్వే అటు పోకు. అవతలి స్టాపుల ఎక్కు. అసలే పానం బాగలేదు."

ఇరవై ఏళ్ళుగా కోడ్ రాస్తున్న మనిషి, అపశకునానికి జడిసి మండే కాళ్ళతో ఒక స్టాపు దూరం ఎక్కువ నడిచాడు.

మొదటి రోజు ముసలాయన దూరం నుంచే చూసి చెయ్యెత్తాడు. దశరథ్ మొహం తిప్పుకున్నాడు.

ఐదో విడత ముగిసేసరికి అరికాళ్ళు బొబ్బలెక్కాయి.

"ఇగ నాతోని కాదు. అంతా కోసి తీసేసిన్రు గదా, లేని రోగానికి గోలీలెందుకు? ఇయ్యాల అపాయింట్‌మెంట్ ఉంది, బంద్ చేస్తున్నానని డాక్టరుకు చెప్పేస్త."

ఆరో విడత మొదటి మాత్ర వేసుకోకుండానే బయల్దేరాడు. హారిక అడ్డు చెప్పలేదు. తలుపు దగ్గరే నిలబడి కళ్ళొత్తుకుంది.

కాళ్ళు పాత స్టాపు దాకానే మోశాయి. బెంచీ మీద ఒక ముసలావిడ కూర్చుని ఉంది.

"మాత్రల డబ్బా పడేసుకున్నది మీరే కదా? నేను బ్రాండ్ భార్యని."

"ఆయన ఏరీ?"

"పోయిన గురువారం కన్నుమూశారు. మీ జబ్బే. డబ్బా మీది పేరు చూసి పోల్చుకున్నారు. చాలా ఏళ్ళు బాగానే ఉండి, తిరగబెట్టింది."

దశరథ్ ఆవిడ పక్కన కూర్చున్నాడు. పొద్దుటి మంచు ఇద్దరి మధ్యా మెల్లగా కదులుతోంది.

"ఆసుపత్రిలో కూడా మీ గురించే. అతను మాత్రలు మానలేదు కదా, చూసి రా అనేవారు. అందుకే వచ్చాను."

"నేనంటే ఆయనకెందుకంత..."

"ఆయన ఆపరేషన్ నాటికి ఈ మాత్ర పనిచేస్తుందో లేదో ఎవరికీ తెలియదు. తేల్చుకోవడానికి ఒక పరీక్ష పెట్టారు. ఒప్పుకున్నవాళ్ళను చీటీలేసినట్టు రెండు సగాలు చేసి, ఒక సగానికి మాత్రలిచ్చారు, రెండో సగానికి ఇవ్వలేదు. మాత్రలు వేసుకున్నవాళ్ళు ఎక్కువ కాలం బతికారు. అందుకే ఇవాళ మీకిస్తున్నారు. ఆ పరీక్షకు మా ఆయన కూడా సంతకం పెట్టారు."

బస్సు వచ్చి, ఆగి, వెళ్ళిపోయింది.

దశరథ్‌కు సిగ్గేసింది. ఏడుపొచ్చింది. డబ్బా తీసి, మాత్ర నోట్లో వేసుకుని నీళ్ళు తాగాడు.

"ఇంత మండినా ఓర్చుకున్నారన్నమాట. ఆయన ఎన్ని విడతలు పూర్తి చేశారు?"

"ఒక్కటి కూడా లేదు బాబూ," అంది ఆవిడ. "ఆయన పేరు వచ్చింది మాత్రలు ఇవ్వని సగంలో."