పరుపుకి అటువైపు

హోటల్లో గదులు సర్దే మాకు ఆ రోజే సేఫ్టీ ట్రైనింగ్ ఇచ్చారు. "పరుపు ఒక్కరే ఎత్తారంటే నడుం పట్టేస్తుంది, జతగా ఎత్తండి" అన్నాడు సారు. నేనా వినేదాన్ని? ఏనుగు పడుకున్న పరుపునైనా ఒంటిచేత్తో తిప్పేస్తానని కోతలు కోశాను.

రాత్రి ఐదో అంతస్తులో చివరి గది నా వంతుకొచ్చింది. నాతో పాటే పనిచేసే మా వదిన ఇంకా రాలేదు. పరుపు తిరగేద్దామని మంచం మీదే అంచు మీద నిలబెట్టాను. గోడలా లేచింది, అటువైపేమీ కనపడలేదు. నా బలం చాలక అవతలికి ఒరిగింది. ఒరిగినది మధ్యలో ఆగిపోయింది. అటు నుంచి ఎవరో పట్టుకున్నారు.

"వచ్చావా వదినా? ఇంతసేపూ ఏ మూల కునుకు తీశావ్?" అన్నాను నవ్వుతూ.

పరుపు దూదిపింజలా తేలికైపోయింది.

అప్పుడే బయట వరండాలోంచి వదిన గొంతు వినపడింది. "ఏమే, తలుపు తియ్యి. లోపల గడియ ఎందుకు పెట్టుకున్నావ్?"

గడియ నేను పెట్టలేదు. తలుపేమో అటువైపే ఉంది. పరుపు వదిలితే తప్ప అక్కడికి వెళ్లలేను. వదిలితే, పట్టుకున్నదెవరో కనపడతారు.

పరుపుని ఇంకా గట్టిగా పట్టుకున్నాను. అటు నుంచి మెల్లగా, ఎంతో మర్యాదగా ఒక గొంతు పలికింది.

"మీరు వదిలేయండమ్మా. నేను పట్టుకున్నాగా."