ఎయిలా కారు టైర్లు

"చలికాలం టైర్లు వద్దన్నానా? అన్ని కాలాల టైర్లే వెయ్యి" అంది ఎయిలా.

వెయ్కో చేతిలో ఉన్న పానా బల్లమీద పడేశాడు. థండర్ బేలో ఇరవై రెండేళ్లుగా టైర్ల షాపు నడుపుతున్నాడు. ఊరంతా అతని మాట వింటుంది. ఒక్క చెల్లెలు తప్ప.

"పేరుకే అన్ని కాలాలు! మన జనవరి వాటి లెక్కలో లేదు తల్లీ. మైనస్ ఇరవైలో ఆ రబ్బరు చెక్కలా బిగుసుకుపోతుంది. బ్రేకు తొక్కితే కారు నీ మాట వినదు."

"పోయినేడు ఒక్కసారైనా జారానా?"

"రోజూ పోనూ రానూ అరవై కిలోమీటర్లు. ఎందుకు జారలేదో నాకే అర్థం కావట్లేదు."

"మంచు పడితే నేను కారు తియ్యను. పక్కింటి ఓస్టాప్ తన ట్రక్కులో స్కూలు దగ్గర దింపుతాడు. ఆయన పనిచేసే కలప మిల్లు ఆ దారిలోదే."

"బావుంది! ఓరోజు ఆయనకి జ్వరమొస్తే? నువ్వు చూస్తే ఇంట్లో ఒక్కదానివి. మీ స్కూలు వంటామె కారు నిన్న గుంటలోంచి లాగి తెచ్చాను. వెనకాలే ఉంది, పోయి చూడు. అవీ నువ్వడిగిన టైర్లే."

ఎయిలా వెళ్లి చూసింది. ముందు అద్దం లేదు. డ్రైవరు వైపు తలుపు లోపలికి నొక్కుకుపోయి ఉంది.

"ఆమెకెలా ఉంది?"

"చెయ్యి విరిగింది. అంతటితో పోయింది, అదృష్టం."

ఎయిలా కిటికీ పక్కన కుర్చీలో కూలబడింది. తర్వాత, "సరే, చలికాలం టైర్లే వెయ్యి" అంది నీరసంగా. "ఇక రావక్కర్లేదని ఓస్టాప్‌కి చెప్పాలి."

"చెప్పు. పాపం, ఆయనకీ ఓ పని తగ్గుతుంది."

వెయ్కో హుషారుగా జాకీ ఎత్తాడు. నాలుగు టైర్లూ మార్చేదాకా ఎయిలా కిటికీలోంచి రోడ్డు చూస్తూ కూర్చుంది. తాళంచెవి తీసుకుని, అన్నకి థాంక్స్ కూడా చెప్పకుండా వెళ్లిపోయింది.

మర్నాడు షాపు తెరిచేసరికి ఓస్టాప్ ట్రక్కు గుమ్మం ముందుంది.

"ఈ నాలుగూ తీసేసి అన్ని కాలాలవి వెయ్యండి" అన్నాడు ఓస్టాప్.

వెయ్కో వంగి చూశాడు. చలికాలం టైర్లు. మొన్న అక్టోబర్లో తనే వేశాడు, గాట్లు కూడా అరగలేదు.

"వీటికేమైంది?"

"ఏం కాలేదు. బ్రహ్మాండంగా ఉన్నాయి."

"మతిగాని పోయిందా మీకు? శుక్రవారం నుంచి పెద్ద మంచు అంటున్నారు. మిల్లుకెలా వెళ్తారు?"

ఓస్టాప్ టోపీ తీసి చేతుల్లో తిప్పాడు. షాపులో హీటరు వెచ్చగానే ఉంది, అయినా అతని చెవులు ఎర్రగా ఉన్నాయి.

"ఎయిలా కారుకి మంచి టైర్లు వేశారటగా... మంచు పడ్డ రోజుల్లో నన్ను దింపమని అడుగుదామని."