నూట ఎనభై మూడో రోజు

"తాళం ఇవ్వండి, మావయ్యగారూ!"

"ఇవ్వను. మంగళవారం పూట ఉత్తరం వైపు బండి కదలడానికి వీల్లేదు."

ఐర్లండ్‌లో లెటర్‌కెన్నీ అనే ఊరు. అక్కడ ఓ షాపింగ్ సెంటర్ కార్ పార్కు. ఇల్లూ, ఆఫీసూ, వంటిల్లూ అన్నీ తానే అయిన క్యాంపర్ వ్యాన్ ముందు నిలబడి యుగంధర్ జుట్టు పీక్కుంటున్నాడు. వ్యాన్ తాళం మామగారు సుబ్బారావు గుప్పిట్లో ఉంది. ఆయన ఈ దేశంలోనే ట్రాలీ అనే ఊళ్ళో, ఆసుపత్రిలో ముప్పయ్యేళ్ళు డాక్టరుగా చేశాడు. ఎమర్జెన్సీ అంటే చాలు, వర్జ్యమూ లేదు వంకాయా లేదు, పరుగెత్తేవాడు. రిటైరయ్యాక ఏం పుట్టిందో ఏమో, ఫోన్లో పంచాంగం చూడందే కాలు బయట పెట్టడు. క్రిస్మస్‌కి కూతుర్ని చూద్దామని వచ్చి, ఇదిగో, ఇలా తగులుకున్నాడు.

"పోనీ రేపు వెళ్దామా నాన్నా?" అంది సుధేష్ణ.

"రేపు బుధవారం. అదీ ఉత్తరానికి పనికిరాదు. గురువారం దివ్యంగా ఉంది."

"గురువారం జనవరి ఒకటి, మావయ్యగారూ! అప్పటికి నా కొంప మునిగిపోతుంది!"

"కొంపంటూ ఉంటేగా మునగడానికి!" అంది సుధేష్ణ.

యుగంధర్ కోపం దిగమింగుకుని మళ్ళీ మొదటినుంచీ మొదలెట్టాడు.

"చూడండి. ఏడాదిలో నూట ఎనభై మూడు రోజులు ఈ దేశంలో ఉంటే, సంపాదన మీద ఈ దేశానికి పన్ను కట్టాలి. నాకు ఇవాళ్టితో నూట ఎనభై రెండయ్యాయి. రేపు ఓ గంట ఇక్కడున్నా చాలు, దొరికిపోతాను. ఇవాళే సరిహద్దు దాటి డెర్రీ వెళ్ళిపోయామా, అది నార్తర్న్ ఐర్లండ్. వేరే దేశం. గ్రాండ్!"

"మరి ఆ దేశంవాళ్ళు ఊరుకుంటారా?"

"వాళ్ళదీ ఇదే రూలు. ఎటూ కాని మనిషిని ఎవరు పట్టుకుంటారండీ? అందుకే కదా, ఇండియా మొహం కూడా చూడకుండా ఏడాదంతా అటు కొన్నాళ్ళూ ఇటు కొన్నాళ్ళూ తిరిగింది! ఆడిటర్‌ని అడిగితే ఫీజు దండగని మొత్తం నేనే ప్లాన్ చేశాను."

ఆ మాట అంటున్నప్పుడు అతని మొహం వెలిగిపోయింది. తన తెలివి మీద తనకున్నంత ముచ్చట లోకంలో ఇంకెవరికీ లేదు మరి.

సుధేష్ణకి ఓపిక చచ్చింది. "నాన్నా, ఆ పన్ను మిగిలితే నేవన్ ఊళ్ళో ఇంటికి డిపాజిట్ కడతానని మాటిచ్చారీయన. ఆ ఒక్క మాట మీద ఏడాది ఈ డబ్బాలో బతికాను. స్నానానికి జిమ్‌కి పోవాలి, బట్టలుతకాలంటే పెట్రోల్ బంకులో పెట్టిన వాషింగ్ మెషీన్ దగ్గరికి పోవాలి, దోసెల పెనం తియ్యాలంటే మంచం ఎత్తాలి! ఇంకో ఏడాదంటే నా వల్ల కాదు, ట్రాలీ వచ్చి నీ ఇంట్లో కూర్చుంటా."

సుబ్బారావుకి కూతురి మీద జాలేసింది. తన ఇల్లు తలుచుకుని కాస్త భయం కూడా వేసింది. అయినా గుప్పిలి విప్పలేదు.

"వారశూల తల్లీ! తెలిసి తెలిసి నార్త్‌కి ఎలా పంపమంటావు?"

సుధేష్ణ ఫోన్లో మ్యాప్ తీసి ఆయన ముక్కు ముందు పెట్టింది. "డెర్రీ ఎటుందో చూసి చెప్పు."

ఆయన కళ్ళజోడు పెట్టుకున్నాడు. ఫోన్‌ని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. "ఇదేంటే, ఇది తూర్పునుందీ!"

"మరి? పేరుకే అది నార్త్. ఐర్లండ్ మొత్తంలో ఉత్తరపు కొస మన ఈ కౌంటీలోనే ఉంది. మంగళవారం తూర్పుకి దోషం లేదుగా?"

"అబ్బే, భేషుగ్గా వెళ్ళొచ్చు. ఆ ముక్క ముందే చెప్పి ఏడవచ్చుగా అల్లుడూ!" అని తాళం చేతిలో పడేశాడు.

వ్యాన్ కదిలింది. కదిలిందన్న మాటేగానీ ముందు గడ్డి మోపులతో ఓ ట్రాక్టరు, అదేమో పక్కకి తప్పుకోదు. ఇక్కడ హారన్ కొడితే బాగోదని యుగంధర్, కొట్టకపోతే ఊరుకోనని సుధేష్ణ. మధ్యలో టీ తాగాలని సుబ్బారావు. సన్నగా వాన. ముగ్గురూ పోట్లాడుకుంటూ ఉండగానే రోడ్డు పక్క బోర్డుల్లో కిలోమీటర్లు పోయి మైళ్ళు వచ్చాయి. ఫోన్లు టింగుమన్నాయి.

"దాటేశాం!" అని యుగంధర్ కేకేశాడు.

"ఇంతేనా? గేటూ లేదు, గార్డులూ లేరు," అని సుబ్బారావు నిరాశపడ్డాడు.

డెర్రీలో నది పక్కన వ్యాన్ ఆపి, ఫ్లాస్కులో టీ పోసుకుని, జంతికల డబ్బా తెరిచారు. యుగంధర్ కప్పు పైకెత్తాడు.

"రేపంతా ఇక్కడినుంచి కదిలేది లేదు. ఈ ఏడాదికి నేను ఏ దేశపు మనిషినీ కాదు! ఒక్క సెంటు కట్టక్కర్లేదు!"

సుధేష్ణ అప్పుడే ఫోన్లో నేవన్ ఇళ్ళు చూడటం మొదలెట్టింది. "ఏవండీ, ఇదుగో, మూడు బెడ్‌రూములు. కిచెన్ నిండా ప్రెస్‌లే, అన్నీ గోడ అలమరాలే! గిన్నెలన్నీ సర్దేసుకోవచ్చు." ఇంటి ముందు తులసి ఎక్కడ పెట్టాలో, ఆ చలికి అది బతుకుతుందో లేదో కూడా ఆలోచించేసింది.

సుబ్బారావు మాత్రం జంతిక పక్కన పెట్టి, వేళ్ళ కణుపులు లెక్కపెట్టుకుంటున్నాడు.

"మళ్ళీ వర్జ్యమా నాన్నా?"

"కాదే. ఓ లెక్క తేలడం లేదు. అల్లుడూ, ఏడాదికి మూడొందల అరవై అయిదు రోజులేగా?"

"అంతేగా మావయ్యగారూ."

"అందులో అవతల ఉన్నవి నూట ఎనభై రెండు."

"ఒక్కటి కూడా ఎక్కువ కాదు!" అన్నాడు యుగంధర్ గర్వంగా.

"మరి మిగతా నూట ఎనభై మూడు రోజులూ నువ్వు గాల్లో ఉన్నావటయ్యా?"