వెళ్లొస్తానన్న నీటిబొట్టు

తల్లులారా, నాయనలారా, గొంతులో విషం మండితే శివయ్యకే నెత్తిన గంగ కావలసి వచ్చింది. మరి లోకమంతా అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పే ఏఐ చిప్పుకు తల వేడెక్కదూ?

ఆ చిప్పు ఉండే కంప్యూటర్ల మేడ పక్కన ఒక కుంట, కుంటలో ఒక ముసలి కప్ప ఉండేవి. కిందటి ఎండాకాలం మేడ తాగిన నీళ్లన్నీ ఆవిరైపోయి, కుంట సగమైంది. ఈసారి కొత్త గొట్టం దిగేసరికి కప్ప గుండె జారిపోయింది.

"వెళ్లొస్తాను పిన్నీ," అంది గొట్టంలోకి జారుతున్న నీటిబొట్టు.

"నిరుడు మీ అక్కలూ ఇదే మాట అన్నారే! ఒక్కరైనా తిరిగొచ్చారా?" అని కప్ప ఏడ్చింది.

బొట్టు వెళ్లి, చిప్పు నెత్తిన ఉన్న రాగిపలకను తడుముకుంటూ పోయింది. "అమ్మయ్య, ప్రాణం లేచొచ్చింది!" అంది చిప్పు. దాని వేడిని మోసుకుని, గాలికి చల్లారుతూ, బొట్టు గట్టు పక్కనున్న గాజుగొట్టంలోకి వచ్చింది.

"పిన్నీ, వచ్చేశా! ఇది మూసిన గొట్టం. ఒకసారి నింపితే చాలు, మేమే తిరుగుతుంటాం. ఇక కుంట జోలికి ఎవరూ రారు."

కప్ప కళ్లు తుడుచుకుని నవ్వింది. "అయితే ఇంకా ఇక్కడే కబుర్లేమిటే? అక్కడ ఆ బిడ్డ తల మాడిపోతుంటుంది. వెళ్లిరా తల్లీ!"